రాహేలు ఇంకా దారిలోనే ఉంది

బేతేలు నుంచి ఎఫ్రాతాకు ప్రయాణం. ఊరు ఇంకా కొంత దూరం ఉండగానే రాహేలుకు నొప్పులు మొదలయ్యాయి. కాన్పు కష్టమైంది. పక్కనున్న మంత్రసాని భయపడవద్దని ధైర్యం చెప్పింది. కొడుకు పుట్టాడు, తల్లి దక్కలేదు. ప్రాణం పోయేముందు ఆమె ఆ బిడ్డకు బెనోని అని పేరు పెట్టింది. తన దుఃఖంలో పుట్టిన కొడుకు అని అర్థం. తండ్రి ఆ పేరు మార్చి బెన్యామీను అన్నాడు. ఆమెను దారిపక్కనే పాతిపెట్టి, గుర్తుగా ఒక స్తంభం నిలబెట్టారు (ఆదికాండము 35:16-20).

ఈ వాక్యభాగం మీద మన సంఘాల్లో ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఎక్కువ భాగం పేరు మార్పు మీదే. దేవుడు దుఃఖాన్ని దీవెనగా మారుస్తాడని చెప్పి, అందరిచేత ఆమేన్ అనిపించి ముగిస్తాం. ఆ దారిపక్క సమాధి దగ్గర ఆగి మాట్లాడిన ప్రసంగాలు తక్కువ. మేమూ మాట్లాడలేదు. కరోనా కాలపు మొదటి పదహారు నెలలు మమ్మల్ని ఆ సమాధి దగ్గరికే మళ్లీ మళ్లీ తీసుకుపోయాయి.

2020 ఏప్రిల్ చివరి వారం. తెలంగాణలోని గద్వాల ప్రాంతానికి చెందిన ఒక నిండు చూలాలిని అక్కడి నుంచి మహబూబ్‌నగర్‌కు, మహబూబ్‌నగర్ నుంచి హైదరాబాదుకు, హైదరాబాదులో మళ్లీ ఒక ఆసుపత్రి నుంచి మరొక ఆసుపత్రికి పంపారు. సుమారు 200 కిలోమీటర్లు, ఆరు ఆసుపత్రులు. చివరికి బిడ్డా దక్కలేదు, తల్లీ దక్కలేదు. రాష్ట్ర హైకోర్టు ఈ విషయాన్ని విచారణకు తీసుకుంది. అదే సంవత్సరం జూన్ మొదటి వారంలో, దేశ రాజధానిని ఆనుకుని ఉన్న నోయిడాలో, ఎనిమిదో నెల గర్భిణి ఒకరు 13 గంటలపాటు ఎనిమిది ఆసుపత్రుల మెట్లెక్కి దిగి, అంబులెన్సులోనే కన్నుమూసింది. మే నెలలో నాసిక్ నుంచి కాలినడకన మధ్యప్రదేశ్‌కు బయలుదేరిన వలస కూలి తల్లి రోడ్డు పక్కనే ప్రసవించింది. రెండు గంటలు సేదదీరి, పసిగుడ్డును ఎత్తుకుని మళ్లీ నడక సాగించింది.

ఈ స్త్రీలలో ఎవరినీ చంపింది వైరస్ అని చెప్పలేం. తెరుచుకోని తలుపులే వారి మీదికి వచ్చాయి. ఈ తేడాను మనం స్పష్టంగా పట్టుకోవాలి. పట్టుకోకపోతే "కరోనా కాలం కదా, ఏం చేస్తాం" అన్న ఒక్క మాటలో అన్ని నేరాలూ కొట్టుకుపోతాయి.

ఎన్నూరులో మేము చూసింది

మేము పరిచర్య చేసే ఎన్నూరు చెన్నై మహానగరానికి ఉత్తరపు కొస. ఒక పక్క సముద్రం. ఇంకో పక్క కొసస్తలైయారు నది, మన చిత్తూరు జిల్లావారు కుశస్థలి అని పిలిచే నదే అది. వాటి మధ్య థర్మల్ విద్యుత్ కేంద్రాలు, ఓడరేవు, ఎరువుల కర్మాగారం, కాస్త లోపలికి పోతే మణలి చమురు శుద్ధి కర్మాగారం. నగరానికి వెలుగు ఇక్కడి నుంచి పోతుంది, బూడిద ఇక్కడ మిగులుతుంది. మధ్యాహ్నం ఆరేసిన బట్ట సాయంత్రానికి నల్లబడే వీధులు మాకు తెలుసు. కలుషితమైన గాలి గర్భిణికి, కడుపులోని బిడ్డకు చేటని, తక్కువ బరువుతో బిడ్డలు పుట్టడానికి అదీ ఒక కారణమని వైద్యులు చెబుతూనే ఉన్నారు. కరోనా రాకముందే ఈ ప్రాంతపు ఆడవారు ఊపిరికోసం పోరాడుతున్నారు.

ఇక్కడ తెలుగువారు తక్కువేమీ కాదు. నెల్లూరు, ప్రకాశం, చిత్తూరు జిల్లాల నుంచి తరతరాలుగా వచ్చి స్థిరపడినవారు ఉన్నారు. చెన్నై నగరపు వీధులు ఊడ్చే పారిశుద్ధ్య కార్మికుల్లో ఎంతోమంది మాతృభాష తెలుగే. వారిలో చాలామంది మన సంఘ బిడ్డలే. లాక్‌డౌన్ రోజుల్లో నగరమంతా తలుపులు మూసుకుంటే వీరు చీపురు పట్టుకుని వీధిలోనే ఉన్నారు. వారిలో గర్భిణులూ ఉన్నారు, పసిబిడ్డల తల్లులూ ఉన్నారు.

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆచారం. ఏడో నెలలో పిల్లను తీసుకుపోవడానికి తల్లి వస్తుంది. మామూలు రోజుల్లో అదొక పెద్ద ప్రయాణమే కాదు. ఎన్నూరు స్టేషన్లో లోకల్ రైలెక్కితే గుమ్మిడిపూండి, అది దాటితే సూళ్లూరుపేట. కానీ 2020 మార్చిలో ఆ రైళ్లు ఆగిపోయాయి. సరిహద్దులో ఈ-పాస్ అడిగారు. తల్లి అక్కడ, కూతురు ఇక్కడ. మధ్యలో తడ చెక్‌పోస్టు. పట్టుమని వంద కిలోమీటర్లు లేని పుట్టిల్లు పరదేశమైపోయింది. రెండో అల వచ్చి, 2021 మే 10 నుంచి తమిళనాడులో పూర్తి లాక్‌డౌన్ పెట్టినప్పుడు మళ్లీ అదే కథ.

ఆ మే నెలలోనే మా సంఘానికి చెందిన ఒక అమ్మాయికి రాత్రివేళ నొప్పులు వచ్చాయి. తొలి కాన్పు. భర్త ఒప్పంద కార్మికుడు. తల్లి నెల్లూరు జిల్లాలో చిక్కుకుపోయింది. అంబులెన్సులన్నీ ఆక్సిజన్ పడక కోసం ఎదురుచూసే రోగులతో ఆసుపత్రుల ముందు బారులు తీరి ఉన్న రోజులవి. తెలిసిన ఆటోలో దగ్గరలోని ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు తీసుకుపోతే, ఆర్.టి.-పి.సి.ఆర్. ఫలితం ఉంటేనే లోపలికి రానిస్తామన్నారు. ఫలితం రావడానికి ఒక రోజు పడుతుంది. నొప్పులు ఒక రోజు ఆగుతాయా? తెల్లవారుజామున ఒక ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రి ఆమెను చేర్చుకుంది. ఆడపిల్ల పుట్టింది. ఆ తరువాత తల్లికి రక్తస్రావం ఎక్కువై రక్తం ఎక్కించవలసి వచ్చింది. మన యువకులు ఇద్దరు ఆ ఉదయమే పోయి రక్తం ఇచ్చి వచ్చారు. తల్లీ బిడ్డా క్షేమం, దేవునికి స్తోత్రం. కాని స్తోత్రం చెప్పి ఊరుకోలేకపోతున్నాం. ఆమె బతకడం ఒక ఆటోవాలా మంచితనం మీద, ఒక డ్యూటీ డాక్టరమ్మ తెగువ మీద, ఇద్దరు కుర్రాళ్ల రక్తపు గ్రూపు మీద ఆధారపడింది. పౌరురాలి ప్రాణం అదృష్టం మీద ఆధారపడితే దానిని మనం వ్యవస్థ అనవచ్చా?

మా తప్పు కూడా ఇక్కడ ఒప్పుకోవాలి. ఆ నెలల్లో మేము ప్రతి ఇంటికీ ఫోన్ చేసి ప్రార్థన చేశాం. ఫోన్ ఎత్తింది మగవారు. బియ్యం ఉన్నాయా, జ్వరం ఉందా, అని అడిగాం. ఇంట్లో నెలలు నిండినవారు ఉన్నారా, పరీక్షకు పోతున్నారా, ఐరన్ మాత్రలు అయిపోయాయా, అని అడగలేదు. ఆ అమ్మాయి ఆఖరి రెండు నెలలు పరీక్షకే పోలేదని మాకు ఆసుపత్రి వరండాలో తెలిసింది. ఎందుకు పోలేదమ్మా అంటే, "అక్కడికి పోతే కరోనా అంటుకుంటుందని మా అత్త వద్దంది అయ్యగారూ" అంది. కాపరులమై ఉండి మందను లెక్కపెట్టాం గాని, పాలిచ్చే గొర్రెలను వేరుగా చూసుకోలేదు. వాటిని మెల్లగా నడిపించే కాపరిని గూర్చి యెషయా 40వ అధ్యాయంలో ఎన్నిసార్లు చదివాం!

ఆజ్ఞలు ఉన్నాయి, అమలు లేదు

"మహమ్మారి అకస్మాత్తుగా వచ్చింది, ఎవరికీ ఏమీ తెలియదు" అనే మాట సగమే నిజం. నేర్చుకోవడానికి ముందే పాఠాలు ఉన్నాయి. 1918 నాటి ఇన్‌ఫ్లుయెంజాలో కోటి మందికి పైగా భారతీయులు చనిపోయారు. మన దేశంలో మగవారికన్నా ఆడవారే ఎక్కువగా పోయారని ఆనాటి లెక్కలు చెబుతున్నాయి. జబ్బుపడ్డవారికి సేవ చేసిందీ వారే, తిండి చివర తిన్నదీ వారే. 2014-15లో పశ్చిమాఫ్రికాలోని సియెర్రా లియోన్‌లో ఎబోలా వచ్చినప్పుడు గర్భిణులు భయపడి ఆసుపత్రులకు పోవడం మానుకున్నారు. అలా సేవలు తగ్గినందువల్ల తల్లుల మరణాలు, నవజాత శిశు మరణాలు, చనిపోయి పుట్టిన బిడ్డలు కలిపి సుమారు 3,600 అదనంగా జరిగి ఉంటాయని పరిశోధకులు లెక్కగట్టారు. ఆ దేశంలో ఎబోలా సోకి చనిపోయినవారి సంఖ్యకు అది దాదాపు సమానం. అంటే రోగం ఎంతమందిని చంపిందో, రోగభయం కూడా అంతమందిని చంపింది.

మన ప్రభుత్వానికి ఇది తెలియదా? తెలుసు. 2020 ఏప్రిల్ 14న కేంద్ర ఆరోగ్య శాఖ ఇచ్చిన మార్గదర్శకాలలో గర్భిణుల సంరక్షణ, కాన్పులు, టీకాలు ఆగకూడని అత్యవసర సేవలని రాశారు. మే 18న ఐ.సి.ఎం.ఆర్. పరీక్షల విధానాన్ని సవరించినప్పుడు, పరీక్ష జరగలేదన్న కారణంతో కాన్పు సహా ఏ అత్యవసర చికిత్సనూ ఆలస్యం చేయరాదని స్పష్టం చేసింది. అంతకు ఎంతో ముందే, 1989లో ఒక తీర్పులోనూ 1996లో మరో తీర్పులోనూ, అత్యవసర చికిత్స నిరాకరించడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కును కాలరాయడమేనని సుప్రీంకోర్టు చెప్పింది. కాగితం మీద తలుపు తెరిచే ఉంది. రాత్రి రెండు గంటలకు గేటు దగ్గర కాపలావాడికి ఆ కాగితం సంగతి ఎవరూ చెప్పలేదు.

లాక్‌డౌన్ మొదటి రోజుల్లో నిత్యావసరాల జాబితాలో సానిటరీ నాప్కిన్లకు చోటు స్పష్టంగా లేకపోవడం కూడా మరిచిపోలేం. 2020 మార్చి 29న కేంద్ర హోం శాఖ వివరణ ఇచ్చేదాకా దుకాణాలకు సరుకు చేరక ఆడపిల్లలు ఇబ్బంది పడ్డారు. జాబితా తయారుచేసే బల్ల చుట్టూ ఎవరు కూర్చున్నారో ఆ జాబితాయే చెబుతుంది.

తమిళనాడు ఈ రంగంలో వెనుకబడ్డ రాష్ట్రం కాదు. ఇక్కడ దాదాపు కాన్పులన్నీ ఆసుపత్రుల్లోనే జరుగుతాయి. ప్రసూతి మరణాలను ఒక్కొక్కదాన్నీ విచారించే పద్ధతిని దేశంలో ముందుగా చేపట్టిన రాష్ట్రాల్లో ఇదొకటి. 2016-18 లెక్కల ప్రకారం లక్ష సజీవ జననాలకు దేశ సగటున 113 మంది తల్లులు చనిపోతుంటే, తమిళనాడులో 60, తెలంగాణలో 63, ఆంధ్రప్రదేశ్‌లో 65, కేరళలో 43. ఇవి దశాబ్దాల కష్టంతో సాధించిన అంకెలు. గ్రామ నర్సులు, ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు ఎండలో వీధివీధీ తిరిగి సాధించినవి. ఆ స్త్రీలనే కరోనా సర్వేలకు పంపి, సరైన మాస్కులు ఇవ్వక, జీతం పెంచక అలక్ష్యం చేస్తే, కొండ ఎక్కిన బండి వెనక్కి జారడానికి ఎంతోసేపు పట్టదు. నెలకు అదనంగా వెయ్యి రూపాయల ప్రోత్సాహకంతో ప్రాణాలకు తెగించమన్నారు. 2020 ఆగస్టులో ఆశా కార్యకర్తలు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారంటే ఆశ్చర్యం ఏముంది?

రక్తం లేని దేహాలు

కాన్పులో తల్లి ప్రాణం పోవడానికి మన దేశంలో మొదటి కారణం రక్తస్రావం. రక్తహీనత ఉన్న స్త్రీకి కొద్దిపాటి రక్తస్రావమే ప్రాణాంతకం. 2020 డిసెంబరులో విడుదలైన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఉన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. మన సంఘంలో పది మంది ఆడవారు కూర్చుంటే అందులో దాదాపు ఆరుగురికి ఒంట్లో తగినంత రక్తం లేదు. వారే పొద్దున్నే లేచి నీళ్లు పట్టి, వండి, పనికి పోయి వచ్చి, ఆదివారం అందరికన్నా ముందు వచ్చి చాపలు పరుస్తున్నారు.

పనులు పోయిన రోజుల్లో ఆ ఇళ్లలో ఏం జరిగింది? గుడ్డు ముందు పిల్లలకు, తరువాత మగవారికి. గర్భిణికి చారు నీళ్లు. రేషను బియ్యం వచ్చాయి, పప్పు కొంత వచ్చింది. అంగన్‌వాడీలు మూతపడి వేడి భోజనం ఆగిపోయింది. ఈ లెక్కను ఏ బులెటినూ రోజూ సాయంత్రం ఆరు గంటలకు చదవలేదు.

ఇల్లు అందరికీ క్షేమస్థలం కాదన్నదీ ఈ కాలం బయటపెట్టింది. 2020లో జాతీయ మహిళా కమిషన్‌కు 23,700కు పైగా ఫిర్యాదులు వచ్చాయి. ఆరేళ్లలో అదే అత్యధికం. అందులో గృహహింస ఫిర్యాదులే ఐదు వేలు దాటాయి. గర్భిణి మీద చెయ్యి చేసుకునేవాడు ఒకేసారి ఇద్దరిని కొడుతున్నాడు. ఆ చెయ్యి ప్రభువు బల్ల దగ్గర రొట్టె అందుకునే చెయ్యి కూడా కావచ్చు. దీనిని "కుటుంబ విషయం" అని దాటవేసే కాపరి ఆ దెబ్బలో పాలివాడు.

కుటుంబ నియంత్రణ సేవలు ఆగిపోయినందువల్ల దేశంలో సుమారు రెండున్నర కోట్ల మంది దంపతులకు గర్భనిరోధక సాధనాలు అందకపోవచ్చని ఒక స్వచ్ఛంద సంస్థ 2020 మే నెలలోనే అంచనా వేసింది. కోరని గర్భం, తగ్గిన ఆదాయం, మూసిన ఆరోగ్య కేంద్రం, ఈ మూడూ కలిసి పేద స్త్రీ వంటిమీదే పడ్డాయి. ఈ విషయం సంఘంలో మాట్లాడటానికి మనకు సిగ్గు. ఆ సిగ్గు ఖరీదు ఆమె చెల్లిస్తోంది.

టీకా సంగతి తేల్చుకుందాం

ఇక ముఖ్య విషయం. 2021 జూలై 2న కేంద్ర ఆరోగ్య శాఖ గర్భిణులకు కూడా కరోనా టీకా ఇవ్వవచ్చని అనుమతించింది. పాలిచ్చే తల్లులకు మే నెలలోనే అనుమతి వచ్చింది. అన్నాళ్లు వద్దని, అప్పుడు వేసుకోమంటే అనుమానం రావడం సహజం. దానికి కారణం ఉంది. మొదటి ప్రయోగాల్లో గర్భిణులను చేర్చలేదు. అందుకే ముందు జాగ్రత్తగా ఆగారు. తరువాత ఇతర దేశాల్లో టీకా వేసుకున్న గర్భిణుల అనుభవం చేతికి వచ్చింది. మన దేశంలో రెండో అల ఇంకొక పాఠం నేర్పింది. గర్భిణులు, బాలింతల మీద ఐ.సి.ఎం.ఆర్. చేసిన పరిశీలనలో లక్షణాలతో బాధపడినవారు మొదటి అలలో 14.2 శాతం ఉంటే రెండో అలలో 28.7 శాతానికి పెరిగారు. మరణాలు 0.7 శాతం నుంచి 5.7 శాతానికి పెరిగాయి. ఈ అంకెల వెనుక ఎందరు పసిబిడ్డలు తల్లి పాలు ఎరగకుండా పెరుగుతున్నారో ఆలోచించండి.

కాని మన వాట్సాప్ గుంపుల్లో ఏం తిరుగుతోంది? టీకా వేసుకుంటే పిల్లలు పుట్టరని, ప్రకటన గ్రంథంలోని మృగపు ముద్ర ఇదేనని, విశ్వాసం ఉన్నవారికి టీకా అక్కరలేదని. మేము వేదాంత కళాశాలలో ప్రకటన గ్రంథం చదువుకున్నాం. యోహాను ఆ మాటలు రాసింది రోమా చక్రవర్తి ఆరాధనకు తలవంచమన్న రాజ్యం గురించి, కొనడానికీ అమ్మడానికీ బీదలను బానిసలుగా చేసిన వ్యాపారం గురించి. ప్రాణం నిలిపే సూదిమందు గురించి కాదు. లూకా వైద్యుడు. తిమోతి కడుపునొప్పికి పౌలు ప్రార్థన ఒక్కటే చెప్పలేదు, ఆనాడు తెలిసిన మందు కూడా చెప్పాడు. టీకాను వద్దని ప్రసంగించి, ఆ తల్లికి ఊపిరాడనప్పుడు ఆక్సిజన్ సిలిండర్ తేలేని బోధకుడు ఏ నోటితో సమాధి కార్యక్రమం చేస్తాడు?

అయితే బలవంతం కూడదు. టీకా వేసుకోవాలా వద్దా అన్నది ఆ స్త్రీ తన వైద్యురాలితో మాట్లాడి, మంచీ చెడూ తెలుసుకుని తీసుకోవలసిన నిర్ణయం. అత్తగారిది కాదు, భర్తది కాదు, పాస్టరుగారిది కూడా కాదు. మన పని ఆమెకు నిజం చెప్పడం, కేంద్రం దాకా తోడు పోవడం.

మన వారసత్వం ఏమిటి?

ఐదు వాక్యాల్లో చెప్పుకోదగిన చరిత్ర మనది, మరిచిపోయాం గాని. తిండివనంలో మిషనరీ ఇంటి తలుపు ఒకే రాత్రి ముగ్గురు భర్తలు తట్టారు. ముగ్గురి భార్యలూ కాన్పు కష్టంలో ఉన్నారు, మగ వైద్యుడు ముట్టుకోవడానికి ఒప్పుకోలేదు. తెల్లవారేసరికి ముగ్గురూ చనిపోయారు. ఆ రాత్రి ఆ ఇంట్లో ఉన్న యువతి ఐడా స్కడ్డర్ వైద్యం చదివి తిరిగి వచ్చి, వేలూరు ఆసుపత్రికి పునాది వేసి, 1918లో ఆడవారికోసం వైద్య పాఠశాల తెరిచింది. అంతకు ముందే, 1883లో గుంటూరుకు వచ్చిన అన్నా కుగ్లర్ అక్కడ స్త్రీల కోసం వైద్యం మొదలుపెట్టి 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టింది.

మన క్రైస్తవ వైద్యం ఇలా కాన్పు గదిలో పుట్టింది. నేడు ఆంధ్రదేశంలో ఎన్ని పాత మిషన్ ఆసుపత్రులు శిథిలమై, వాటి స్థలాలు తగాదాల్లో ఉన్నాయో మనకు తెలుసు. గోపురాలు పెరిగాయి, పురిటి గదులు మూతపడ్డాయి. సువార్త సభకు లక్షలు పోగుచేయగలిగిన మనం ఒక ప్రసూతి వార్డుకు ఎందుకు పోగుచేయలేం?

ఫరో మగబిడ్డలను చంపమన్నప్పుడు షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు ఆ ఆజ్ఞను లెక్కచేయలేదు (నిర్గమకాండము 1:15-21). ఆ ఫరో పేరేమిటో గ్రంథం రాయలేదు. ఆ మంత్రసానుల పేర్లు రాసింది. ఎవరిని జ్ఞాపకం ఉంచుకోవాలో దేవునికి తెలుసు. పన్నెండేళ్లు రక్తస్రావంతో బాధపడి, ఉన్నదంతా వైద్యులకు ఖర్చుచేసి, అంటరానిదై గుంపులో నలిగిన స్త్రీ ముట్టుకుంటే యేసు ఆమెను గద్దించలేదు, కుమారీ అని పిలిచాడు (మార్కు 5:25-34). ముట్టుకోవద్దు, దూరంగా ఉండు, అన్న కాలంలో మనకు ఇంతకన్నా స్పష్టమైన వాక్యం ఏం కావాలి?

అడగవలసింది, చేయవలసింది

ప్రభుత్వాలను మనం అడగవలసినవి ఇవి. మూడో అల వస్తుందని 2021లో అన్నారు. ప్రతి నగర మండలంలోనూ కొవిడ్ ఉన్నా లేకపోయినా కాన్పు చేసే ఒక ఆసుపత్రి ఏదో ముందే ప్రకటించాలి. పరీక్ష పేరుతో తిప్పి పంపిన ఆసుపత్రి మీద చర్య తీసుకోవాలి. కరోనా మొదటి పదహారు నెలల్లో జరిగిన ప్రసూతి మరణాల విచారణ నివేదికలను, పేర్లు తీసివేసి ప్రజల ముందు పెట్టాలి.

డబ్బు విషయం కూడా. జాతీయ ఆహార భద్రత చట్టం 2013 ప్రతి గర్భిణికీ ఆరు వేల రూపాయలకు తక్కువ కాకుండా ఇవ్వాలంటుంది. ప్రధానమంత్రి మాతృవందన యోజన 2021లో ఇచ్చింది ఐదు వేలు, అదీ మొదటి బిడ్డకే. చట్టం రాసిన చెయ్యి, పథకం రాసిన చెయ్యి ఒకే ప్రభుత్వానివి కావా? తమిళనాడులో డాక్టర్ ముత్తులక్ష్మి రెడ్డి పేరిట ఉన్న పథకం కింద 18,000 రూపాయలు, అందులో పోషకాహార కిట్లు కూడా, ఇస్తున్నారు. మంచిదే. కాని పుట్టింటికీ మెట్టింటికీ మధ్య, రెండు రాష్ట్రాల మధ్య తిరిగే తెలుగు కూలి స్త్రీకి కాగితాల దగ్గరే చిక్కు. 2017 చట్ట సవరణతో ఉద్యోగినులకు 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది. ఒప్పందం మీద వీధి ఊడ్చే తల్లికి వచ్చేది మాత్రం పని పోవడమే.

సంఘాలు, ముఖ్యంగా యువతీ యువకులు, ఈ నెల నుంచే చేయగలిగినవి కూడా ఉన్నాయి.

ఒకటి, ప్రతి సంఘంలో గర్భిణుల, బాలింతల పట్టిక ఉండాలి. ఇద్దరు సహోదరీలు దాని బాధ్యత తీసుకోవాలి. నెలకోసారి ఇంటికి పోయి, తల్లీ బిడ్డల కార్డు చూసి, పరీక్షలు జరిగాయో లేదో అడగాలి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలు చేస్తారని చెప్పాలి. తమిళనాడులో ఉన్నవారు గర్భం తెలిసిన వెంటనే పిక్మీ నంబరు చేయించుకోవాలి. రేపు బిడ్డ జనన ధ్రువపత్రానికీ అదే అడుగుతారు.

రెండు, ప్రమాద సూచనలు అందరికీ, మగవారికి కూడా తెలిసి ఉండాలి. రక్తం పోవడం, విపరీతమైన తలనొప్పి, చూపు మసకబారడం, ముఖం చేతులు వాయడం, ఫిట్స్, ఉమ్మనీరు ముందే పోవడం, బిడ్డ కదలిక తగ్గడం, తీవ్ర జ్వరం, ఆయాసం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ప్రార్థన ఆటోలో చేసుకుందాం, ముందు బయలుదేరుదాం. తల్లికి కొవిడ్ వచ్చినా మాస్కు పెట్టుకుని, చేతులు కడుక్కుని బిడ్డకు పాలివ్వవచ్చని కూడా చెప్పండి. భయంతో బిడ్డను వేరుచేస్తున్న ఇళ్లు ఉన్నాయి.

మూడు, రక్తం. పద్దెనిమిది దాటిన, ఆరోగ్యంగా ఉన్న మన యువకులందరి రక్తపు గ్రూపులు, ఫోన్ నంబర్లు ఒక పుస్తకంలో ఉండాలి. టీకా వేసుకున్నాక 14 రోజులు ఆగితే రక్తం ఇవ్వవచ్చు. క్రీస్తు రక్తం గురించి పాటలు పాడే మనం ఒక సీసా రక్తానికి వెనుకాడకూడదు.

నాలుగు, బండి. నెలలు నిండిన ప్రతి ఇంటికీ రాత్రి పిలిస్తే వచ్చే ఒక ఆటో, ఒక తోడు ముందే నిర్ణయమై ఉండాలి. 108 రాకపోతే ఏం చేయాలన్నది నొప్పులు వచ్చాక ఆలోచించే విషయం కాదు.

ఐదు, సంఘపు హాలు. ఆదివారం తప్ప ఆరు రోజులు తాళం వేసి ఉంటుంది. అందులో టీకా శిబిరం పెట్టమని ఆరోగ్య అధికారులకు ఉత్తరం రాయండి. అవమానాలు పడుతున్న ఆడబిడ్డ వచ్చి నోరు విప్పి మాట్లాడుకోవడానికి ఒక గది, ఒక సహోదరి అక్కడ ఉండాలి. మహిళా సహాయ నంబరు 181 గుమ్మం దగ్గర రాసి పెట్టండి.

మా సంఘంలో ఈ పట్టిక రాయడం మొదలుపెట్టాం. మొదటి ఆదివారం పదకొండు పేర్లు వచ్చాయి. అందులో నాలుగు పేర్లు మాకు అసలు తెలియవు. వారు వెనుక వరుసలో కూర్చుని, ప్రార్థన ముగియకముందే లేచి పనికి పోయే ఆడవారు. అంతకాలం వారిని చూడనేలేదు.

పురుడు ఆడదానికి పునర్జన్మ అంటారు మన పెద్దలు. ఆ మాటలో గౌరవం ఉంది, చావును మామూలు విషయంగా తీసుకునే అలవాటు కూడా ఉంది. ఆ అలవాటును మనం వదిలించుకోవాలి. జన్మనిస్తూ స్త్రీ చనిపోవడం దేవుని చిత్తం కాదు, విధి కాదు. రక్తం, మందు, వైద్యురాలు, తెరిచిన తలుపు ఉంటే వాటిలో చాలావరకు ఆగే మరణాలు.

రాహేలు ఇంకా దారిలోనే ఉంది. గద్వాల దారిలో ఉంది, నోయిడా దారిలో ఉంది, అర్ధరాత్రి ఎన్నూరు హైరోడ్డు మీద ఆటో కోసం నిలబడి ఉంది. ఆమెకు సమాధి మీద స్తంభం అక్కరలేదు. పక్కన నిలబడే మనిషి కావాలి, తెరుచుకునే తలుపు కావాలి. బేత్లెహేము దారిలోనే మరొక గర్భిణికి సత్రంలో చోటు దొరకలేదని మనం ప్రతి డిసెంబరులో నాటకం వేస్తాం. ఈ డిసెంబరుకు ముందు, మన ఊరిలో ఆ చోటు ఎక్కడుందో చూసి పెట్టుకుందాం.

– సంపాదకులు